పాట ఆపినా చల్లారని యాంప్లిఫయర్

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఏ ఎలక్ట్రానిక్స్ కొట్టుకెళ్లి యాంప్లిఫయర్ బోర్డు అడిగినా 4440, 2030, 7294, 5200-1943 అంటూ అంకెలే వినిపిస్తాయి. ఇంట్లో కూర్చుని యాంప్లిఫయర్ కట్టే అలవాటున్నవాళ్లకు ఈ అంకెలు చుట్టాల పేర్ల లాంటివి. లోపల ఏ చిప్పు ఉన్నా, ఏ ట్రాన్సిస్టర్ ఉన్నా వీటన్నిటి పద్ధతీ ఒకటే: పుష్-పుల్. శబ్ద తరంగంలో పైకి లేచే సగాన్ని ఒక ట్రాన్సిస్టర్ మోస్తుంది, కిందికి దిగే సగాన్ని ఇంకొకటి మోస్తుంది. ఒకటి పనిలో ఉంటే రెండోది దాదాపు ఊరికే ఉంటుంది. పాట ఆగితే రెండూ చల్లబడతాయి.

సింగిల్-ఎండెడ్ యాంప్లిఫయర్‌లో ఈ వంతులు లేవు. తరంగం పైకి వెళ్లినా కిందికి దిగినా ఒకే ట్రాన్సిస్టర్ మోస్తుంది. అది ఒక్క క్షణం కూడా ఆఫ్ కాకూడదు కాబట్టి పాట ఉన్నా లేకపోయినా నిండు కరెంటు తాగుతూనే ఉంటుంది. పాత రేడియోల్లోని గాజు వాల్వుల కాలంలో ఇది మామూలే. ట్రాన్సిస్టర్లతో, వాటిలోనే ఒక రకమైన మాస్‌ఫెట్‌లతో దీన్ని కట్టడం మాత్రం కొంచెం మొండివాళ్ల పని. సర్క్యూట్ చూస్తే పోస్టుకార్డు మీద గీసేంత చిన్నది. కట్టడం మొదలుపెడితే బల్ల మీదికి ట్రాన్స్‌ఫార్మర్, వేడిని గాలిలోకి వదిలే అల్యూమినియం రెక్కల హీట్‌సింకులు, పెద్ద కెపాసిటర్లు కలిసి బియ్యం బస్తాలో సగం బరువు వచ్చి చేరుతుంది. సర్క్యూట్ నుంచి తీసేసిన ప్రతి భాగానికీ బదులు ఇనుమో అల్యూమినియమో కొనాల్సి వస్తుందన్నమాట. మొదటిసారి కట్టేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ లెక్క దగ్గరే. సోల్డరింగ్ ఒక సాయంత్రంలో అయిపోతుంది, వేడి సంగతి తేలడానికి నెల పడుతుంది.

ఇలా ఎప్పుడూ ఆఫ్ కాకుండా నిండు కరెంటు తాగే పద్ధతిని క్లాస్-ఏ అంటారు. ఇంట్లో కట్టుకునే క్లాస్-ఏ యాంప్లిఫయర్ల కథలో రెండు మైలురాళ్లున్నాయి. ఒకటి 1969 ఏప్రిల్‌లో బ్రిటన్ పత్రిక వైర్‌లెస్ వరల్డ్‌లో జాన్ లిన్స్‌లీ హుడ్ అచ్చువేసిన 10 వాట్ల డిజైన్. నాలుగే ట్రాన్సిస్టర్లు. ఇప్పటికీ దాన్ని జేఎల్‌హెచ్ అంటూ కడుతూనే ఉన్నారు. చాలామంది దీన్ని సింగిల్-ఎండెడ్ అనేస్తారు కానీ లెక్క వేస్తే తేడా బయటపడుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 10 వాట్లు ఇవ్వాలంటే శిఖరం దగ్గర 1.58 ఆంపియర్లు కావాలి. ఆ డిజైన్ నిలకడగా తీసుకునేది 1.2 ఆంపియర్లే. మిగతాది పై ట్రాన్సిస్టర్ కూడా పనిలోకి దిగి అందిస్తుంది. అంటే అది మారువేషంలో ఉన్న పుష్-పుల్. మంచి యాంప్లిఫయరే, కోవ వేరు.

రెండోది 1994లో అమెరికాలో ద ఆడియో అమెచ్యూర్ పత్రికలో నెల్సన్ పాస్ ప్రచురించిన జెన్ యాంప్లిఫయర్. గెయిన్ ఇచ్చే, అంటే సిగ్నల్‌ని పెంచే పరికరం ఒక్కటంటే ఒక్క మాస్‌ఫెట్. దాని నెత్తిన ఒక కరెంట్ సోర్స్, చుట్టూ గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు. అప్పటికే సొంత ఆడియో కంపెనీ నడుపుతున్న మనిషి, ఇంట్లో కట్టుకునేవాళ్ల కోసం ఇంత తేలిక సర్క్యూట్ బయటపెట్టడం ఆ లోకంలో పెద్ద కదలికే తెచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన రాడ్ ఇలియట్ అయితే దానికి పోటీగా ‘డెత్ ఆఫ్ జెన్’ అని వెక్కిరింపు పేరు పెట్టి మామూలు ట్రాన్సిస్టర్లతో ఒకటి తయారుచేశారు. ఇక్కడ లెక్కలకు ఆధారంగా తీసుకుంటున్నది జెన్ తరహా సర్క్యూట్‌నే.

అది పనిచేసే తీరు చెరువు తూము తెలిసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. పైనుంచి ఒక కాలువ ఎప్పుడూ ఒకే వేగంతో నీళ్లు తెస్తోంది అనుకుందాం. అది కరెంట్ సోర్స్, వేగం 2 ఆంపియర్లు. కింద ఒక తూము ఉంది. అది మాస్‌ఫెట్. పక్కనే ఒక మడి, అది స్పీకర్. తూము సరిగ్గా కాలువ తెచ్చినన్ని నీళ్లే వదిలితే మడిలోకి ఏమీ పోదు, మడి నుంచి ఏమీ రాదు. అదే నిశ్శబ్దం. తూము కొంచెం బిగిస్తే మిగిలిన నీళ్లు మడిలోకి మళ్లుతాయి, స్పీకర్ కోన్ ముందుకు కదులుతుంది. తూము ఎక్కువ తెరిస్తే కాలువ నీళ్లు చాలక మడి నుంచి కూడా లాక్కుంటుంది, కోన్ వెనక్కి పోతుంది. పాట అంటే తూము తలుపు పైకీ కిందికీ ఆడటమే.

తూము పూర్తిగా మూసేస్తే ఏమవుతుంది? మడికి అందేది 2 ఆంపియర్లే, చుక్క కూడా ఎక్కువ రాదు. ఎందుకంటే కాలువ వేగం మారదు. వెనక్కి లాగేటప్పుడు మాత్రం తూము ఇంకా తెరుచుకోగలదు. కాబట్టి ఈ యాంప్లిఫయర్ రెండు వైపులా సమానంగా బలమైనది కాదు. ఒకవైపు గట్టి గోడ ఉంది, ఆ గోడ ఎక్కడుండాలో కట్టేవాళ్లే ముందుగా ఒక రెసిస్టర్ విలువతో తేల్చేస్తారు.

ఆ రెసిస్టర్ కథ చిన్నదే కానీ చూడదగ్గది. కరెంట్ సోర్స్‌లో పెద్ద మాస్‌ఫెట్‌కి వరుసలో 0.33 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఉంటుంది. దాని మీద పడే వోల్టేజీని ఒక చిన్న ట్రాన్సిస్టర్ కనిపెడుతూ ఉంటుంది. అది 0.66 వోల్టులకు చేరగానే చిన్న ట్రాన్సిస్టర్ మేల్కొని పెద్దదాని గేటును, అంటే అది ఎంత తెరుచుకోవాలో తేల్చే కాలిని, కిందికి లాగుతుంది. 0.66ని 0.33తో భాగిస్తే 2 ఆంపియర్లు. అంతే సర్క్యూట్. రెసిస్టర్‌లో ఒకటింపావు వాటుకు పైగా వేడి పుడుతుంది కాబట్టి 5 వాట్లది వేయాలి. ఇందులో ఇంకో చమత్కారం కూడా ఉంది. చిన్న ట్రాన్సిస్టర్ వేడెక్కితే అది మేల్కొనే వోల్టేజీ ఒక్కో డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. 30 డిగ్రీలు పెరిగితే 60 మిల్లీవోల్టులు పోయినట్టే, అంటే కరెంటు తొమ్మిది శాతం దాకా పడిపోతుంది. దాన్ని హీట్‌సింక్‌కి అంటించి ఉంచితే ఎండాకాలంలో యాంప్లిఫయర్ తనంతట తానే కొంచెం నెమ్మదిస్తుంది. దూరంగా పెడితే కరెంటు నిలకడగా ఉంటుంది. తెలుగు నేల మీద కట్టేవాళ్లకు మొదటి దారే మంచిది.

ఇప్పుడు సప్లై. 10 వాట్లకు శిఖర వోల్టేజీ 12.65. రెండు వైపులా అంతే కావాలి, పైన కరెంట్ సోర్స్‌కి ఊపిరాడటానికి నాలుగు వోల్టులు, కింద మాస్‌ఫెట్‌కి కొంచెం. అన్నీ కలిపి, కాస్త వెసులుబాటు కూడా వేసుకుంటే 34 వోల్టులు. 34ని 2 ఆంపియర్లతో గుణిస్తే 68 వాట్లు. ఇది ఒక్క ఛానెల్‌కి, నిరంతరాయంగా. 10 వాట్ల పాట కోసం 68 వాట్ల పొయ్యి. కరెంట్ సోర్స్ ఉన్న సింగిల్-ఎండెడ్‌లో ఎంత గొప్పగా కట్టినా సామర్థ్యం 25 శాతం దాటదు, అది కూడా కాగితం మీదే. కరెంట్ సోర్స్ బదులు మామూలు రెసిస్టర్ పెట్టి, కెపాసిటర్ ద్వారా స్పీకర్‌కి ఇస్తే ఆ గరిష్ఠం ఎనిమిది శాతం చిల్లరకు పడిపోతుంది. పెద్ద చోక్, అంటే ఇనుము మీద తీగ చుట్టిన కాయిల్, పెడితే 50 శాతానికి వెళుతుంది, కానీ ఆ చోక్ బరువు ట్రాన్స్‌ఫార్మర్‌తో పోటీ పడుతుంది.

ఇక్కడే ఒక వింత. పుష్-పుల్ యాంప్ పాట పెంచితే వేడెక్కుతుంది. ఇది పాట పెంచితే చల్లబడుతుంది. సప్లై నుంచి ఎప్పుడూ వచ్చేది ఆ 68 వాట్లే. అందులో 10 వాట్లు స్పీకర్‌కి పోతే హీట్‌సింక్‌కి మిగిలేది 58. పాట ఆపేస్తే మొత్తం 68 హీట్‌సింక్ మీదే పడతాయి. కాబట్టి ‘పాట పెట్టలేదు కదా, ఆన్‌లో ఉంటే ఏంలే’ అనుకోవడం కుదరదు. రెండు ఛానెళ్లకు 136 వాట్లు, ట్రాన్స్‌ఫార్మర్ నష్టం కలుపుకుంటే గోడ దగ్గర ఓ 160. రోజుకు మూడు గంటలు వింటే నెలకు 14 యూనిట్ల పైచిలుకు. ఇంటి బిల్లులో అది ప్రళయమేం కాదు. అసలు సమస్య ఆ వేడి గదిలోకే రావడం.

పాశ్చాత్యుల డిజైన్లు సాధారణంగా గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలు అనుకునే లెక్కలు వేస్తాయి. హీట్‌సింక్ 60 డిగ్రీలకు మించకూడదనుకుంటే వాళ్లకు 35 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది. 68 వాట్లకు ఒక్కో వాటుకు అర డిగ్రీ చొప్పున పెరిగే హీట్‌సింక్ సరిపోతుంది. మే నెలలో బెజవాడలో మధ్యాహ్నం ఏసీ లేని గదిలో 40 డిగ్రీలుంటే మిగిలే వెసులుబాటు 20. అప్పుడు వాటుకు 0.29 డిగ్రీల హీట్‌సింక్ కావాలి. అంటే దాదాపు రెట్టింపు అల్యూమినియం. విదేశీ డిజైన్‌ని యథాతథంగా దించేసి, ఫిబ్రవరిలో బాగా మోగిందని సంబరపడి, ఏప్రిల్‌లో చెయ్యి పెట్టలేక తలపట్టుకునేవాళ్ల కష్టం వెనకున్నది ఈ తీసివేత లెక్కే. రెక్కలు నిలువుగా ఉండాలి, కింద గాలి లోపలికి వచ్చే సందు ఉండాలి. టీవీ స్టాండు అరలో దూర్చితే ఎంత పెద్ద హీట్‌సింకైనా వృథా. సీలింగ్ ఫ్యాన్ కింద పెడితే కొన్ని డిగ్రీలు ఊరికే తగ్గుతాయి. ఫ్యాను చప్పుడులో ఆ సున్నితమైన సంగీతం ఏం వినిపిస్తుందన్న ప్రశ్న వేరే ఉంది, దానికి జవాబు లేదు.

60 డిగ్రీలే ఎందుకంటే, మాస్‌ఫెట్ గుండెకాయ దగ్గర ఉష్ణోగ్రత వేరు కాబట్టి. ఇళ్లలో కట్టే ఇలాంటి యాంప్‌లలో బాగా వాడే ఐఆర్‌ఎఫ్‌పీ240ని తీసుకుంటే, లోపలి సిలికాన్ నుంచి వెనక రేకు దాకా వాటుకు 0.83 డిగ్రీల తేడా ఉంటుంది. రెండు మాస్‌ఫెట్‌లూ చెరిసగం పంచుకుంటే ఒక్కోదానికి 34 వాట్లు. అంటే 28 డిగ్రీలు. మాస్‌ఫెట్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పెట్టే మైకా రేకు, వేడిని దాటించే పేస్టు కలిపి వాటుకు అర డిగ్రీ అనుకుంటే మరో 17. హీట్‌సింక్ 60, దాని మీద 17, ఆపైన 28. సిలికాన్ 105 దగ్గర ఉడుకుతోంది. దాని హద్దు 150. బయట 60 డిగ్రీలే ఉన్న పెట్టె లోపల మరుగుతున్న నీళ్ల కంటే వేడి.

ఆ మైకా రేకు గురించి ఒక మాట. కింది మాస్‌ఫెట్ వెనక రేకు, స్పీకర్ వైపు ఉండే దాని డ్రెయిన్ కాలు రెండూ ఒకటే, అంటే సప్లైలో దాదాపు సగమైన మధ్య వోల్టేజీ నేరుగా అక్కడే ఉంటుంది. హీట్‌సింక్ ఎర్త్‌కి కలిపి ఉంటుంది. ఈ రెండింటి మధ్య అడ్డుగా ఉన్నది వెంట్రుక మందం మైకా. హీట్‌సింక్‌కి డ్రిల్లింగ్ చేసినప్పుడు రంధ్రం అంచున సన్నటి అల్యూమినియం ముల్లు లేస్తుంది. కంటికి కనబడదు, వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది. స్క్రూ బిగించగానే అది మైకాను పొడిచి అవతలికి వస్తుంది. ఇంకో రకం మోసం కూడా ఉంది: బిగించిన రోజు బాగానే ఉండి, వేడికి లోహం వ్యాకోచించిన పదో రోజున తాకుతుంది. అందుకే పెద్ద డ్రిల్ బిట్‌ని చేత్తో పట్టుకుని రంధ్రం నోటి దగ్గర రెండు తిప్పులు తిప్పి ముల్లు తీసేయడం, చదును రాయి మీద సన్నటి ఎమరీ కాగితం పరిచి ఆ చోటు రుద్దడం తప్పని పనులు. పేస్టు పొర పల్చగా ఉండాలి. దోసె మీద వెన్న రాసినట్టు దిట్టంగా పూస్తే వేడి దాటదు. తర్వాత మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి రేకుకీ హీట్‌సింక్‌కీ మధ్య చూడాలి. బీప్ వినిపించకూడదు. పాత గుండ్రటి 2ఎన్3055లకు స్క్రూ చుట్టూ ప్లాస్టిక్ బుష్ కూడా వేయాలి. ఐఆర్‌ఎఫ్‌పీ240 ప్యాకేజీలో రంధ్రం చుట్టూ ప్లాస్టిక్కే ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు.

చౌకగా దొరుకుతుందని ఇన్వర్టర్ రిపేర్ కొట్లోంచి ఐఆర్‌ఎఫ్‌జెడ్44 తెచ్చి పెట్టేవాళ్లున్నారు. కాగితం మీద ఆంపియర్లు దీనికే ఎక్కువ. కానీ అది స్విచ్‌లా టపటపా ఆన్, ఆఫ్ అవడానికి పుట్టింది. సగం తెరిచి గంటలకొద్దీ నిలబెడితే దాని చిన్న ఒంటి నుంచి వేడి అంత తేలిగ్గా బయటికి రాదు, సిలికాన్‌లో ఒకచోట వేడి పోగుపడి అక్కడే కరిగిపోయే ప్రమాదం కూడా ఉంది. ఇలాంటి సర్క్యూట్‌కి పెద్ద ప్యాకేజీ, పాతకాలపు మాస్‌ఫెట్టే నమ్మకం. నకిలీ 2ఎన్3055లు మార్కెట్లో ఎన్నేళ్ల నుంచో ఉన్నాయి. ఏ నంబరైనా బిల్లు ఇచ్చే చోట కొనడమే మేలు.

వేడి తర్వాతి తలనొప్పి హమ్, అంటే స్పీకర్‌లో వినిపించే కరెంటు రొద. పుష్-పుల్‌లో సప్లై రొదలో కొంత భాగం దానంతట అదే కొట్టుకుపోతుంది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. పైగా ఇతర యాంప్‌లు నిశ్శబ్దంలో మిల్లీఆంపియర్లు తాగుతుంటే ఇది 2 ఆంపియర్లు తాగుతోంది. అంటే పాట లేని నిశ్శబ్దంలోనే సప్లై మీద పూర్తి భారం, పూర్తి రిపుల్ (డీసీలో మిగిలిపోయే అల). మన కరెంటు 50 హెర్ట్జ్, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి దాటాక 100. ప్రతి పది మిల్లీసెకన్లకోసారి కెపాసిటర్ నిండుతుంది, మధ్యలో 2 ఆంపియర్లు దాన్ని ఖాళీ చేస్తుంటాయి. ఛానెల్‌కి 10,000 మైక్రోఫారడ్లు పెట్టినా రిపుల్ ఒకటిన్నర వోల్టుల దాకా వస్తుంది. దాన్ని ఒకే పెద్ద కెపాసిటర్‌తో అణచాలని చూడటం డబ్బు దండగ. మధ్యలో 0.47 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, దాని తర్వాత 22,000 మైక్రోఫారడ్లు పెడితే ఆ రెసిస్టర్‌లో దాదాపు ఒక వోల్టు పోతుంది కానీ రిపుల్ ఆరింతలు పైగా తగ్గి పావు వోల్టు లోపుకు దిగుతుంది. మిగిలినదాన్ని చాలావరకు కరెంట్ సోర్స్ అడ్డుకుంటుంది. రెండు ఛానెళ్లకు రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు విడివిడిగా ఉండాలి. కెపాసిటర్లు 105 డిగ్రీలవి తీసుకుని హీట్‌సింక్‌కి దూరంగా పెట్టాలి. పది డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు రెట్టింపవుతుందన్నది ఆ రంగంలో పాత లెక్క.

స్పీకర్‌కి చెవి ఆనిస్తే వినిపించే రొద రెండు రకాలు. జుయ్యిమని కొంచెం గరుగ్గా ఉంటే 100 హెర్ట్జ్, తప్పు ఫిల్టర్‌లో ఉంది. మెత్తగా, లోతుగా ఉంటే 50 హెర్ట్జ్, తప్పు ఎర్త్ వైర్ల దారిలోనో, ఇన్‌పుట్ వైరు ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంచి పోవడంలోనో ఉంది. ఈ తేడా చెవికి పట్టుబడితే సగం వెతుకులాట తప్పుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ 26 వోల్టులది కావాలి. కెపాసిటర్ నింపే కరెంటు చిన్న చిన్న ఉప్పెనలుగా వస్తుంది కాబట్టి 4 ఆంపియర్ల డీసీకి వైండింగ్‌లో 7 దాకా పారుతుంది. దాని సామర్థ్యం 250 వీఏకి (వోల్ట్-ఆంపియర్లకు) తగ్గితే ట్రాన్స్‌ఫార్మరే మూడో హీట్‌సింక్ అవుతుంది. వైండింగ్ షాపులో చుట్టించుకుంటే ‘4 ఆంపియర్లది’ అని చెప్పి ఊరుకోకుండా ఈ సంగతి వివరించి చెప్పడం మంచిది. లైన్ వోల్టేజీ 230 నుంచి 250కి పెరిగే ఊళ్లలో సప్లై కూడా 34 నుంచి 37కి పెరుగుతుంది, కరెంటు మారదు కాబట్టి వేడి తొమ్మిది శాతం పెరుగుతుంది. హీట్‌సింక్ లెక్కలో దాన్నీ వేసుకోవాలి.

మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు ఎంత అనుభవం ఉన్నా టెన్షన్ ఉంటుంది. రిపేర్ షాపుల్లో అందరూ కరెంటు దారిలో వరుసగా కలిపి వాడే సీరీస్ బల్బు ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. మామూలు యాంప్‌లో షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది, లేకపోతే వెలిగి ఆరిపోతుంది. ఇది షార్ట్ లేకపోయినా 160 వాట్లు లాగుతుంది, కాబట్టి బల్బు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, సప్లై వోల్టేజీ సగానికి పడిపోతుంది, మంచి యాంప్ కూడా చెడ్డదానిలా కనిపిస్తుంది. మెరుగైన దారి ఇదీ: ముందు ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, కెపాసిటర్లను మాత్రమే బల్బుతో పరీక్షించాలి. తర్వాత 0.33 ఓమ్‌ల చోట తాత్కాలికంగా 1 ఓమ్ రెసిస్టర్ పెట్టి ఒక్క ఛానెల్ కలపాలి. కరెంటు 0.66 ఆంపియర్లే ఉంటుంది, తప్పు జరిగినా నెమ్మదిగా జరుగుతుంది. గేటుకు 220 ఓమ్‌ల రెసిస్టర్ కాళ్ల పక్కనే ఉండాలి. లేకపోతే మాస్‌ఫెట్ చెవికి వినబడని మెగాహెర్ట్జ్‌లలో ఊగిపోయి, కారణం తెలియకుండా కాలిపోతుంది.

అన్నీ బాగుంటే ప్రీసెట్ అనే చిన్న తిప్పుడు రెసిస్టర్‌ని తిప్పి మధ్య వోల్టేజీ సరిచేయాలి. 34లో సగం 17 అని అందరూ 17 దగ్గర ఆపేస్తారు. నిజానికి పైన కరెంట్ సోర్స్‌కి ఎక్కువ చోటు కావాలి కాబట్టి 16 దగ్గర రెండు అంచులూ ఒకేసారి తెగుతాయి. ఆసిల్లోస్కోప్ ఉంటే ఇది కళ్లారా కనిపిస్తుంది. హీట్‌సింక్ వేడెక్కేకొద్దీ ఈ వోల్టేజీ జరుగుతూ ఉంటుంది. ముప్పావు గంట ఆగి మళ్లీ తిప్పాలి. మూత పెట్టాక ఇంకోసారి.

ఇంత కష్టపడి కడితే వినిపించేదేమిటి? మాస్‌ఫెట్ కరెంటు దాదాపు గేటు వోల్టేజీ వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. ఆ వంపు వల్ల ప్రతి స్వరానికీ రెట్టింపు పౌనఃపున్యంలో ఒక నీడ పుడుతుంది, అంటే రెండో హార్మోనిక్. పుష్-పుల్‌లో రెండు సగాల వంపులు ఒకదానికొకటి ఎదురై ఈ నీడను కొట్టేస్తాయి, మూడు, ఐదు, ఏడు మిగులుతాయి. సంగీతం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. షడ్జానికి రెండో హార్మోనిక్ పై షడ్జం. మూడోది ఆ పై స్థాయి పంచమం. ఐదోది తంబురాలో దానంతటదే పలికే అంతర గాంధారం. ఏడోది మాత్రం పన్నెండు స్వరస్థానాల్లో దేనిలోనూ సరిగ్గా కుదరదు. షడ్జం మీద పై షడ్జం కొద్దిగా కలిస్తే చెవికి తప్పులా అనిపించదు, గొంతు కొంచెం నిండుగా అనిపిస్తుంది. సింగిల్-ఎండెడ్ మాధుర్యం అని చెప్పుకునేదానిలో పెద్ద వాటా ఈ కల్తీదే. దాన్ని స్వచ్ఛత అనడం మాత్రం అతి.

ఆ కల్తీ తీపిగా ఉండేది ఒక్క స్వరం ఉన్నంతవరకే. అదే వంపు రెండు స్వరాలు కలిసి వచ్చినప్పుడు వాటి కూడికనూ తీసివేతనూ కూడా పుట్టిస్తుంది. 1000, 1100 హెర్ట్జ్‌లు కలిసి వస్తే ఎవరూ పాడని 100, 2100 పుడతాయి. అందుకే ఒక గాత్రం, వయొలిన్, మృదంగం ఉన్న కచేరీ రికార్డింగు దీని మీద అద్భుతంగా ఉంటుంది. అరవైమంది వయొలిన్లు, కోరస్, డప్పులు ఒకేసారి మోగే సినిమా పాట గట్టిగా పెడితే ముద్దముద్దగా అవుతుంది. వాల్యూమ్ తగ్గిస్తే ఈ దోషమూ తగ్గుతుంది. 10 వాట్ల దగ్గర ఒక శాతం ఉంటే 1 వాటు దగ్గర సుమారు 0.3 శాతమే ఉంటుంది.

స్పీకర్ ఎంపికలో కూడా ఇది గారాల బిడ్డ. అవుట్‌పుట్‌ని ఇన్‌పుట్‌తో పోల్చి దిద్దుకునే ఫీడ్‌బ్యాక్ తక్కువ కాబట్టి దీని అవుట్‌పుట్ ఇంపిడెన్సు, అంటే లోపలి అడ్డంకి, ఎక్కువ. అది 1 ఓమ్ ఉంటే, ఒకచోట 6 ఓమ్‌లు, బేస్ దగ్గర 30 ఓమ్‌లు చూపించే మామూలు స్పీకర్ మీద ఒక డెసిబెల్ తేడా వస్తుంది. బేస్ కొంచెం ఉబ్బినట్టు వినిపిస్తుంది. 4 ఓమ్‌ల స్పీకర్ పెడితే పవర్ రెట్టింపవుతుందన్న పాత నమ్మకం ఇక్కడ చెల్లదు. కాలువ తెచ్చేది 2 ఆంపియర్లే కదా, 4 ఓమ్‌లలో అవి 8 వాట్లే అవుతాయి. సెన్సిటివిటీ, అంటే 1 వాటుకు మీటరు దూరంలో వచ్చే శబ్దం, 86 డెసిబెళ్లున్న చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్‌కి 10 వాట్లిస్తే మీటరు దూరంలో 96 డెసిబెళ్లు, చిన్న గదికి చాలు. 95 ఉన్న పెద్ద స్పీకర్‌కి 1 వాటు చాలు, మిగతా తొమ్మిదీ పండగ రోజుకి. పెళ్లి పందిట్లో ఆడించడానికి అడిగితే మాత్రం ఆ 5200-1943 బోర్డే దిక్కు.

మధ్య వోల్టేజీని ఆపి పాటను మాత్రం స్పీకర్‌కి పంపే కప్లింగ్ కెపాసిటర్ చిన్న విషయమే. 2200 మైక్రోఫారడ్లు, 8 ఓమ్‌లు అయితే 9 హెర్ట్జ్ దాకా దారి ఉంటుంది. స్విచ్ వేసినప్పుడు ఢబ్ మని ఒక చప్పుడు వస్తుంది, అది ఆ కెపాసిటర్ నిండే చప్పుడు. రిలే అనే కరెంటు స్విచ్ పెట్టి స్పీకర్ కలపడాన్ని కొన్ని సెకన్లు ఆలస్యం చేయొచ్చు. కానీ స్పీకర్ కలపని ఆ క్షణాల్లో కెపాసిటర్ నిండాలి కాబట్టి దాని అవతలి కాలి నుంచి ఎర్త్‌కి ఓ కిలో ఓమ్ రెసిస్టర్ ఉండాలి.

ఇదంతా చదివి భయమేసినవాళ్లకు చిన్న దారి ఒకటుంది. పాస్ తర్వాతి కాలంలో కొత్తవాళ్ల కోసం చేసిన యాంప్ క్యాంప్ యాంప్ వెనకున్న ఆలోచన ఇదే: ట్రాన్స్‌ఫార్మర్ బదులు లాప్‌టాప్ అడాప్టర్. 19 వోల్టుల సప్లైలో మధ్య 9.5. శిఖరానికి 8 వోల్టులు దొరికితే 8 ఓమ్‌లలో 4 వాట్లు, దానికి 1.3 ఆంపియర్ల నిలకడ కరెంటు. ఛానెల్‌కి 25 వాట్ల వేడి అంటే బెజవాడ మేలో కూడా వాటుకు 0.8 డిగ్రీల హీట్‌సింక్ చాలు. 230 వోల్టుల వైరు పెట్టె లోపలికి రాదు, మొదటిసారి కట్టేవాళ్లకు అది పెద్ద ఊరట. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల అడాప్టర్లకు కొదవలేదు. రెండు ఛానెళ్లు కలిపి 2.6 ఆంపియర్లు, 65 వాట్ల అడాప్టర్ 3.42 ఇస్తుంది కాబట్టి లెక్కకు సరిపోతుంది. అయితే లాప్‌టాప్ మధ్యమధ్యలో విశ్రాంతి ఇస్తుంది, ఈ యాంప్ ఇవ్వదు. 90 వాట్లది తీసుకుంటే అడాప్టర్ ముట్టుకోగలిగేలా ఉంటుంది. రెండు పిన్నుల అడాప్టరైతే లోహపు పెట్టె మీద చెయ్యి ఆనించినప్పుడు చీమలు పాకినట్టు ఉంటుంది. అడాప్టర్ లోపలి చిన్న కెపాసిటర్ల నుంచి కారే కరెంటు అది. మూడు పిన్నులది వాడి, గోడలోని ఎర్త్ నిజంగా భూమిలోకి వెళుతోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకుంటే ఆ చీమలు పోతాయి.